ఆవిడ దిగితేనే నేను దిగుతా

"సార్, ముందు ఆ విజిల్ నోట్లోంచి తియ్యండి. తర్వాత మాట్లాడదాం."

మెట్ల మలుపులో నడుం మీద చేతులు పెట్టుకుని దారికి అడ్డంగా నిలబడింది నర్సు. ఆమెకి ఎదురుగా చేతిలో స్టాప్‌వాచీ, నోట్లో విజిల్‌తో ఉన్నవాడు సేఫ్టీ ఆఫీసరు. మంటలొచ్చినా, వరదలొచ్చినా మనుషుల్ని బయటపడెయ్యడానికి ఆస్పత్రులూ వృద్ధుల హోమ్‌లూ ఎంత సిద్ధంగా ఉన్నాయో పరీక్షించడం అతని ఉద్యోగం. వయసు ముప్పై లోపే. చొక్కా ఇస్త్రీ మడత మాత్రం అరవై ఏళ్ళ పెద్దమనిషిలా గంభీరంగా ఉంది.

అతను విజిల్ తీశాడు. "డ్రిల్ జరుగుతుండగా ఆఫీసర్‌ని ఆపకూడదండీ. రూల్."

"డ్రిల్ జరుగుతుండగా ముసలాయన్ని చొక్కా పట్టుకుని లాగమని ఏ రూల్లో ఉంది?"

"నేను లాగమన్లేదే!"

"'త్వరగా, త్వరగా' అని మీరు విజిల్ ఊదుతుంటే మా అటెండర్లు ఇంకేం చేస్తారు? పాటలు పాడతారా?"

పైన, మెట్ల మొదట్లో, రెయిలింగుని రెండు చేతులా కరుచుకుని కూర్చున్నాడు కండక్టర్ తాతయ్య. బస్సు కండక్టర్ ఉద్యోగం మానేసి ఏళ్ళు గడిచినా గొంతు మాత్రం రిటైర్ కాలేదు. "నేను దిగను! బస్సులో మనిషి ఉండగా కండక్టరు దిగడు. ఆవిడ దిగితేనే నేను దిగుతా!"

ఆవిడంటే ఆయన భార్య, మామ్మ. పక్షవాతం వచ్చి మంచం పట్టింది. మాట కూడా చాలామటుకు పోయింది. ఆ పై అంతస్తులో నడవలేని మనిషి ఆవిడ ఒక్కతే.

ప్లాన్ ప్రకారం నడవగలిగినవాళ్ళు ముందు దిగాలి. మంచం మీదున్న మనిషిని రెండో విడతలో సిబ్బంది మోసుకు రావాలి. ఈ ప్లాన్లు రాసేవాళ్ళకి మనుషులు సామాన్లలా కనిపిస్తారు కాబోలు, ముందు తేలికవి, తర్వాత బరువువి! అలారం మోగగానే అందరూ బుద్ధిగా దిగారు. తాతయ్య దిగలేదు. మామ్మని మొయ్యాల్సిన అటెండర్లు తాతయ్యని లాగడం మొదలుపెట్టారు. ఆయన అరుపులు విని గదిలో మామ్మ ఏడుపు. ఈ గోలలో స్టాప్‌వాచీ తన పని తాను చేసుకుపోయింది.

"టైమైపోయింది," అన్నాడు ఆఫీసరు. "ఫెయిల్."

"ఎవరు? మేమా, మీ ప్లానా?" అంది నర్సు. ఆ మాట కిందనున్న వంటింటి దాకా వినబడింది.

వినబడకేం? హోమ్‌లో ఆమెని సిస్టర్ అని పిలిచేది మేనేజరు ఒక్కడే. మిగతా అందరికీ ఆమె సైరన్. సాయంత్రానికల్లా వాళ్ళు ఆఫీసరుకి కూడా పేరు పెట్టేశారు. విజిల్.

*

రిపోర్టు వచ్చిన రోజు మేనేజరు సైరన్‌ని పిలిపించాడు. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు పట్టుకునే మనిషి. ఆ రోజు గొంతులో తేనె పోసుకుని కూర్చున్నాడు.

"మామ్మగారిని మన ఇంకో హోమ్‌కి మారుస్తున్నాం సిస్టర్. అక్కడ మెట్లు లేవు, ఆవిడకి సుఖం. ఊరు కాస్త దూరం, అంతే."

"తాతయ్య?"

"అక్కడ ఖాళీ ఒక్క మంచమే. ఆయన ఇక్కడే ఉంటారు."

"కింద గదిలోకి మార్చండి సార్, ఇద్దర్నీ."

"కింద గదుల కోసం జనం క్యూలో ఉన్నారు. నెలాఖరుకి పంపించేద్దాం. నా చేతుల్లో ఏముంది చెప్పు? ఫెయిల్ చేసింది ఆ ఆఫీసరు."

మంచం పట్టిన మనిషికి చాకిరీ ఎక్కువ. ఆవిడని వదిలించుకోవాలని మేనేజరు ఎన్నాళ్ళుగానో చూస్తున్నాడు. వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టు ఆ రిపోర్టు దొరికింది.

ఈ సంగతి తాతయ్యకి ఎలా చెప్పాలా అనుకుంటూ సైరన్ తలుపు తీసేసరికి, ఆయన వరండాలోనే గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు. ఎప్పుడూ ఖంగుమనే ఆ గొంతు మొదటిసారి పీలగా వచ్చింది.

"అమ్మాయ్, ఆ వేళ నేను గొడవ చెయ్యకుండా దిగుంటే సరిపోయేదా?"

ఆ పెద్దాయన చేత తప్పు చేసినవాడిలా ఆ ప్రశ్న అడిగించిన ప్రతివాడి మీదా సైరన్‌కి పట్టరాని కోపం వచ్చింది.

"మీ తప్పేం లేదు తాతయ్యా. మామ్మ ఎక్కడికీ వెళ్ళదు. నేను చెప్తున్నాగా," అంది. ఎలాగో ఆమెకే తెలీదు. మాటైతే ఇచ్చేసింది.

*

మర్నాడు డ్యూటీ దిగి తిన్నగా సేఫ్టీ ఆఫీసుకి వెళ్ళింది. బయట కుండపోత. తడిసిన గొడుగుని తెచ్చి అతని బల్లకి ఆనించింది. నీళ్ళు పాయ కట్టి అతని బూట్ల వైపు ప్రయాణం మొదలుపెట్టాయి.

"గొడుగు బయట పెట్టాలండీ. తడి నేల మీద జారిపడే ప్రమాదం..."

"జారిపడితే లేపడానికి నర్సుని నేనున్నాను. కూర్చోండి."

తన ఆఫీసులో, తన కుర్చీలో, తననే కూర్చోమన్న మనిషిని అతను అదే మొదటిసారి చూడటం. కూర్చున్నాడు.

"'ఒకరు సహకరించలేదు' అని రాశారు. సహకరించడమంటే ఏంటి సార్? పెళ్ళాన్ని మంటల్లో వదిలేసి గేటు దగ్గర లైన్లో నిలబడటమా?"

"ఒకరి కోసం ఒకరు ఆగితే ఇద్దరూ పోతారండీ. నేను చూశాను." అతను బల్ల మీది పేపర్‌వెయిట్‌ని అటూ ఇటూ కదిపాడు. "నా ఉద్యోగం కొత్తలో ఒక ఆస్పత్రిలోకి వరద నీళ్ళొచ్చాయి. ఎవరు ఎవర్ని మొయ్యాలో ఎవరికీ తెలీదు. తలుపులు ఊడబీకి, వాటి మీద పడుకోబెట్టి మోశాం. అందర్నీ మొయ్యలేకపోయాం. అందుకే నేను జాలిపడి పాస్ చెయ్యను. నా వల్ల కాదు."

విజిల్ లేని ఆ ముఖంలో సైరన్‌కి, చొక్కా మడతకి సంబంధం లేని మనిషి ఒకడు కనిపించాడు. అయినా ఆమె వచ్చిన పని వేరు.

"పాస్ చెయ్యమనడానికి రాలేదు. మీ ప్లాన్ తప్పని చెప్పడానికొచ్చాను. ఆయన దిగడని తేలింది కదా? రేపు నిజంగా మంటలొచ్చినా దిగడు. అది తెలిసి కూడా అదే ప్లాన్ పట్టుకుని కూర్చుంటే, ఇల్లు కాలేటప్పుడు బావి తవ్వడానికి కాగితం మీద ముగ్గు పోసుకున్నట్టే. సరే, మీ అమ్మగారు మంచం మీదుంటే మీరు దిగుతారా?"

అతను కిటికీలోంచి వాన చూశాడు.

"చెప్పండి. విజిల్ ఊదుకుంటూ దిగిపోతారా?"

"దిగను."

"అయితే మీరూ ఫెయిలే."

అతను నవ్వలేదు గానీ, నవ్వు వచ్చి పెదవుల దగ్గర ఆగిపోయింది. అప్పుడు చెప్పింది ఆమె నెలాఖరు సంగతి. ఆ నవ్వు కాస్తా పారిపోయింది.

"విడదీస్తారా? నేను అలా రాయలేదే!"

"మీరు కత్తి ఇచ్చి వెళ్ళారు సార్. కోసేవాళ్ళు కోస్తారు."

అతను తన రిపోర్టు కాపీ ముందుకి లాక్కుని ఇంకోసారి చదివాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "మళ్ళీ డ్రిల్ పెట్టమని మీ మేనేజరు అడగాలి."

"చచ్చినా అడగడు."

"ఇంకో దారుంది. డ్యూటీలో ఉన్న నర్సు ఎప్పుడైనా అలారం నొక్కి డ్రిల్ పెట్టచ్చు. ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. మా ఆఫీసు నుంచి ఎవరైనా చూస్తే ఆ డ్రిల్ లెక్కలోకొస్తుంది. కానీ ఆ హక్కు ఎవరూ వాడరు."

"ఎందుకని?"

"ఉద్యోగాలు పోతాయని."

"ఓస్, అంతేనా?" అంది సైరన్, గొడుగు తీసుకుంటూ.

అతను ఆమెని అదోలా చూశాడు. ఆమె వెళ్ళిపోయాక కూడా తలుపు వైపే చూస్తూ, నేల మీది నీళ్ళలో కాలు పెట్టి, నిజంగానే జారబోయి బల్ల పట్టుకున్నాడు.

*

అయ్యవారు ఏం చేస్తున్నారంటే చేసిన తప్పులు దిద్దుకుంటున్నారని సామెత. విజిల్ కూడా ఆ పనిలోనే పడ్డాడు. రోజూ డ్యూటీ అయ్యాక, తాతయ్యకి దూరపు మనవణ్ణని గేటు దగ్గర చెప్పి లోపలికొచ్చేవాడు. మేనేజరుకి మెట్లెక్కే అలవాటు లేదు కాబట్టి బతికిపోయారు.

కొత్త ప్లాన్‌లో మొగుణ్ణీ పెళ్ళాన్నీ విడదియ్యడం లేదు. తాతయ్యకి ఉద్యోగం ఇచ్చారు. మెట్ల మీద మనిషిని దించడానికి పట్టీలున్న పల్చటి పరుపు ఒకటి ఉంది. దాని నాలుగు మూలలూ పట్టుకునేది సైరన్, వంటాయన, ఇద్దరు అటెండర్లు. తాతయ్య రెయిలింగు పట్టుకుని ముందు నడుస్తూ కేకలెయ్యాలి. "రైట్ రైట్" అంటే కదలాలి, "హోల్డాన్" అంటే ఆగాలి. ఆయన గొంతు వినబడుతుంటే మామ్మ బెదరదు. ఆవిడ కదులుతుంటే ఆయన ఆగడు.

ప్రాక్టీసుకి రోజూ మామ్మని కదపలేరు. అందుకని పరుపు మీద పడుకునే భాగ్యం విజిల్‌కి దక్కింది.

సైరన్ పట్టీలు బిగించింది. "ఊపిరాడుతోందా?"

"ఆడుతోందండీ."

"అయితే ఇంకొంచెం బిగించచ్చు."

"రైట్ రైట్!" తాతయ్య కేక. పరుపు కదిలింది. మలుపు రాగానే "హోల్డాన్!" అని అందర్నీ ఆపి, తాపీగా వెనక్కి తిరిగాడు. "బాబూ, పెళ్ళయిందా?"

"తాతయ్యా, ఇది డ్రిల్లండీ."

"టికెట్ లేకుండా ఎక్కావు. అడిగినదానికి జవాబు చెప్పు."

పట్టీల మధ్య మూటలా ఉన్న ఆఫీసరు ఎటు పారిపోగలడు? "కాలేదండీ."

"ఎందుకని?"

"సరైన మనిషి దొరకలేదు."

"ఎలాంటి మనిషి కావాలేంటి?"

విజిల్ కళ్ళెత్తి చూశాడు. తలాపున సైరన్ గోడ మీది ట్యూబ్‌లైట్‌ని ఎన్నడూ చూడనంత శ్రద్ధగా చూస్తోంది. "అరవకుండా మాట్లాడే మనిషి," అన్నాడు.

పరుపు ఒక మూల దబ్బున నేలకి తగిలింది.

"అమ్మా!"

"చెయ్యి జారింది సార్," అంది సైరన్. వంటాయనకి నవ్వాగక పరుపు రెండో మూల కూడా జారింది.

ఆ సాయంత్రం వెళ్ళేముందు విజిల్ ఆమె అరచేతుల వైపు చూశాడు. పట్టీలు కోసుకుని ఎర్రగా కమిలాయి. మర్నాడు అందరికీ గ్లౌజులు తెచ్చాడు. మిగతావన్నీ ఒకే సైజు. ఆమెవి మాత్రం చేతికి కుట్టినట్టు సరిపోయాయి.

"నా సైజు మీకెలా తెలుసు?"

"చూస్తున్నాను కదండీ రోజూ," అన్నాడు. అని, తానేమన్నాడో తెలిసి, అలారం స్విచ్చి పనిచేస్తోందో లేదో చూడటానికి హడావిడిగా వెళ్ళిపోయాడు. సైరన్ ఆ గ్లౌజులు విప్పడం మర్చిపోయి బీపీ మిషను పట్టుకుంది.

అతనికి అరవని మనిషి కావాలి. సరే, తను అరుస్తుంది. అరవకపోతే ఈ లోకంలో ముసలివాళ్ళ మాట ఎవరు వింటారు? నచ్చితే నచ్చుతుంది, లేకపోతే లేదు. అలా అనుకుని ఆమె ధైర్యంగా తలెత్తుకుంది గానీ, మెట్ల మీద బూట్ల చప్పుడైన ప్రతిసారీ గుండె మాత్రం మాట వినలేదు.

*

బంధువులు చూడటానికొచ్చే రోజు ఎంచుకున్నారు. పొద్దుటి నుంచీ సన్నగా జల్లు. హాలు నిండా కొడుకులూ కూతుళ్ళూ కోడళ్ళూ. విజిల్ తన పై ఆఫీసరు పెద్ద మేడమ్‌ని వెంటబెట్టుకు వచ్చాడు. నెరిసిన జుట్టు, ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలు. ఆవిడ చేతిలో పెన్ను చూస్తే ఎవరికైనా స్కూలు గుర్తొస్తుంది.

సైరన్ అలారం నొక్కింది.

మేనేజరు గదిలోంచి ఊడిపడ్డాడు. "ఎవరు నొక్కారు?"

"నేనే."

"ఆపు ముందు!"

"ఆపను సార్. డ్యూటీ నర్సుని. నాకు హక్కుంది."

ఆమె అప్పటికే మెట్లెక్కుతోంది. జన్మలో మొదటిసారి మేనేజరు కూడా పరుగున పై అంతస్తు ఎక్కాడు. మామ్మని పరుపు మీదికి మార్చారు. పట్టీలు బిగించారు. మిగతావాళ్ళు చేతికర్రలు పట్టుకుని దిగిపోతున్నారు. మేనేజరు రొప్పుతూ సిబ్బంది ముందు వేలు ఆడించాడు. "ఈ పరుపు మీద చెయ్యేసినవాళ్ళు రేపట్నుంచి రానక్కర్లేదు!"

"నేను రాకపోతే మీకు అన్నం ఎవరు వండుతారు సార్?" అంటూ వంటాయన తన మూల పట్టుకున్నాడు. పెద్ద అటెండరు మారుమాట్లాడకుండా వంగాడు. చిన్న అటెండరు మాత్రం కదల్లేదు. ఇంట్లో సంపాదించేది అతనొక్కడే. తల దించుకుని గోడకి జరిగాడు. అతన్ని ఎవరూ తప్పుపట్టలేదు.

మూడు మూలలకే మనుషులున్నారు. నాలుగో మూల నేల మీద ఉంది. మామ్మ కళ్ళు భర్త కోసం వెతుకుతున్నాయి. తాతయ్య నోరు తెరిచాడు గానీ కేక రాలేదు.

విజిల్ తన చేతిలోని స్టాప్‌వాచీని పెద్ద మేడమ్ చేతిలో పెట్టాడు.

"చెయ్యేస్తే ఇక్కడ నువ్వు ఆఫీసర్‌వి కావు," అంది ఆవిడ మెల్లగా. "తర్వాత సంజాయిషీ కూడా రాసుకోవాలి."

"రాసుకుంటాను మేడమ్." వంగి నాలుగో మూల ఎత్తాడు. సైరన్ అతని వైపు చూసింది. అంతమంది మధ్యలో, అలారం మోతలో, ఈ మనిషి లేకుండా ఇక తనకి కుదరదని ఆమెకి ఖాయంగా తెలిసిపోయింది.

"తాతయ్యా! బండి కదలాలి!" అని అరిచింది. అరుపంటే అదీ.

"రైట్ రైట్!"

కదిలింది. మొదటి మెట్టు మీద మామ్మ భయపడి మూలిగింది. "నేనిక్కడే ఉన్నానే, ముందే ఉన్నాను!" అని ముందు నుంచి గొంతు వినబడగానే సర్దుకుంది. మలుపులో హోల్డాన్. కోడళ్ళూ కొడుకులూ గోడలకి అతుక్కుని దారిచ్చారు. మళ్ళీ రైట్ రైట్. వంటాయన ఆయాసం, విజిల్ నుదుటి మీద చెమట, సైరన్ పళ్ళు కొరికి పెట్టిన పట్టు. హాలు దాటారు, గుమ్మం దాటారు, గేటు దగ్గర షెడ్డు కిందకి చేర్చి పరుపు దించారు. ఎవరో కోడలు పరుగెత్తుకొచ్చి, జల్లు పడకుండా మామ్మకి గొడుగు పట్టింది.

పెద్ద మేడమ్ తీరిగ్గా నడుచుకుంటూ వచ్చింది. స్టాప్‌వాచీ చూసి, కళ్ళద్దాలు పైకి తోసి, మళ్ళీ చూసింది.

"ఇంకా టైముంది," అంది. "పాస్. ఆవిడ ఇక్కడే ఉంటారు, ఆయన పక్కనే. ప్లాన్ కూడా ఇకనుంచి ఇదే."

తాతయ్య కండువాలో ముఖం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. మామ్మ కదిలే చెయ్యి ఒక్కటీ పట్టీల కిందనుంచి తీసి ఆయన మోకాలి మీద వేసింది.

మేనేజరు ఊరుకుంటాడా? "చెల్లదు మేడమ్! ఈవిడకీ మీ ఆఫీసరుకీ మధ్య ఏదో నడుస్తోంది. రోజూ వస్తున్నాడని గేటువాడు ఇప్పుడే చెప్పాడు. నిప్పు లేనిదే పొగ రాదు. అందుకే ఈ నాటకమంతా!"

షెడ్డు కింద అందరూ ఇద్దరి వైపూ చూశారు. విజిల్ ముఖం ఎర్రబడింది. తన గురించి కాదు, ఆమె పేరు నలుగురి నోళ్ళలో పడుతుందని.

"అలాంటిదేం లేదండీ. సిస్టర్ చాలా..."

"ఉంది," అంది సైరన్.

విజిల్ గిరుక్కున ఆమె వైపు తిరిగాడు.

"అవును, ఉంది. ఈయనంటే నాకిష్టం. నా మనసులో ఏముందో చెప్పడానికి నాకు మీ పర్మిషన్ కావాలా సార్? ఇష్టమున్నంత మాత్రాన మామ్మ గాల్లో తేలుతూ దిగిందా? నలుగురం మోశాం. అందరూ చూశారు."

"చూశారా మేడమ్, ఒప్పుకుంది!" మేనేజరు ఎగిరి గంతేసినంత పని చేశాడు.

"ఒప్పుకుంటే ఏమైంది?" అంది పెద్ద మేడమ్. "మార్కులేసింది నేను. అతను మోసింది పరుపు. పరుపు మోసేవాడు ఎవర్ని ప్రేమించాలో ఇన్నేళ్ళ సర్వీసులో నేను ఏ రూల్లోనూ చదవలేదు. పైగా, డ్రిల్ పెట్టిందని ఈ అమ్మాయిని గానీ, చెయ్యేశారని వీళ్ళని గానీ ఉద్యోగంలోంచి తీస్తే, మీ హోమ్ లైసెన్సు నా బల్ల మీదికొస్తుంది. కావాలంటే తీసి చూడండి."

మేనేజరుకి వెంటనే గదిలో ఏదో అర్జెంటు పని గుర్తొచ్చింది.

విజిల్ ఇంకా ఈ లోకంలోకి రాలేదు. "నిజంగా ఉందా?" అన్నాడు.

"మీకు లేదా?" సైరన్ గొంతు మొదటిసారి చిన్నదైంది. ఇంత యుద్ధం చేసిన మనిషి, ఆ ఒక్క జవాబు కోసం భయంభయంగా అతని ముఖంలోకి చూసింది.

"నాకా? మీరు గొడుగుతో మా ఆఫీసుకొచ్చిన రోజు నుంచీ ఉంది. కానీ నాకు ఒక్క మాట ముందే చెప్పచ్చు కదండీ, ఇలా అందరి ముందూ..."

"ముందే చెబితే మీరు దానికి కూడా ప్లాన్ వేస్తారు," అంది సైరన్.

అతను పెద్దగా నవ్వేశాడు. ఇస్త్రీ మడత ఎప్పుడో నలిగిపోయిన ఆ చొక్కాతో, అంతమంది చూస్తుండగా, ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆమె విడిపించుకోలేదు.